మూడు కిలోల మేత ఎటు పోయింది: కోనసీమ లంకలో ఒక పెరటి కోళ్ల కేసు

2024 ఆగస్టు రెండో వారంలో, వసిష్ఠ పాయ ఒడ్డున ఉన్న ఒక లంక గ్రామం నుంచి నాకు ఫోను వచ్చింది. జులైలో గోదావరికి వచ్చిన వరద నీరు తీసి అప్పటికి పది పన్నెండు రోజులు దాటింది. "కోళ్లకు తెగులు తగిలిందండి, గుడ్లు మానేశాయి, రెండు పోయాయి కూడా, ఒకసారి వచ్చి సూదులు వెయ్యాలి" అన్నారు ఆ ఇంటి ఇల్లాలు. వరద తీసిన తర్వాత లంకల నుంచి ఇలాంటి కబుర్లు రావడం పశువైద్యుడిగా నాకు ఏటా అలవాటే కనుక, కొక్కెర తెగులే (రాణిఖేత్ అనే అంటువ్యాధి) అయి ఉంటుందన్న ఊహతో బయలుదేరాను. ఆ ఊహ తప్పని తేలడానికి అరగంట పట్టింది. అసలు కారణం తేలడానికి మాత్రం నాలుగు రోజులు, ఒక కాటా, కాస్త ముగ్గు పిండి కావలసి వచ్చాయి.

నలభై సెంట్ల కొబ్బరి తోట మధ్య ఇల్లు. పెరట్లో ఇటుకతో కట్టిన కోళ్ల గూడు, దాని వెనుక పేడకుప్ప, ఆ వెనుక పంట బోదె, బోదె అవతల అప్పుడే నాట్లు పూర్తయిన వరి చేలు. పన్నెండు నాటు పెట్టలు, ఆరు గ్రామప్రియ పెట్టలు, రెండు పుంజులు, అంటే మొత్తం ఇరవై పెద్ద కోళ్లు. ఒక నాటు పెట్ట వెంట తొమ్మిది పిల్లలు తిరుగుతున్నాయి. ఇవి కాక రెండు పెద్ద బాతులు, ఐదు వారాల వయసున్న బాతు పిల్లలు ఐదు. గ్రామప్రియ అన్నది హైదరాబాదులోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే రూపొందించిన జాతి. మేపు సరిగా కుదిరితే ఏడాదికి రెండు వందలకు తగ్గకుండా గుడ్లు పెడుతుంది. నాటు పెట్ట విడతలు విడతలుగా, మధ్యలో పొదుగుడుకు ఆగుతూ, ఏడాదికి అరవై డెబ్బై గుడ్లతో సరిపెడుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఒకే పళ్లెంలో ఒకే మేత తిన్న ఈ రెండు రకాల కోళ్లకు వచ్చిన కష్టాలు వేరు వేరుగా ఉన్నాయి.

గుడ్ల డబ్బు ఆ ఇంట్లో ఇల్లాలిది. భర్తకు వాటితో సంబంధం లేదు; ఆయన శ్రద్ధంతా పక్కన విడిగా తాడుకు కట్టి ఉంచిన డేగ పుంజు మీద ఉంది. సంక్రాంతి మీద ఆశతో దానికి బాదం పప్పులు నానబెట్టి పెడుతున్నారు. ఈ ప్రాంతంలో కోళ్ల మేపు గురించి ఎంతో సూక్ష్మంగా తెలిసిన మగవారు ఎందరో ఉన్నారు గాని, ఆ జ్ఞానంలో వీసమెత్తు కూడా గుడ్లు పెట్టే పెట్ట దగ్గరకు చేరకపోవడం నేను చాలా ఇళ్లలో గమనించాను.

కోళ్లను ఒక్కొక్కటిగా పట్టి చూశాను. మెడ తిరగడం, రెక్కలు ఈడ్వడం, ఆకుపచ్చ రెట్ట వంటి కొక్కెర తెగులు లక్షణాలు ఏ ఒక్కదానికీ లేవు. చుట్టుపక్కల ఇళ్లలో కోళ్లు చావలేదు. పెద్ద కోళ్లు బరువులో పరవాలేదు గాని, కొన్నింటికి తమ్మె పాలిపోయి ఉంది. గ్రామప్రియలు రోజుకు ఒకటో రెండో గుడ్లు పెడుతున్నా, వాటిలో కొన్ని వేలితో నొక్కితే కుంగిపోయే తోలు గుడ్లు. పెంకు పగిలిన గుడ్డును కోళ్లే తినేస్తున్నాయి. పిల్లలు తొమ్మిదీ వయసుకు తగిన ఎదుగుదల లేక, రెక్కలు వాల్చి నిలబడి ఉన్నాయి. నన్ను ఆపింది మాత్రం బాతు పిల్లలు. ఐదింటిలో మూడు ఆ వారంలోనే చనిపోయాయి. నేను వెళ్లిన ఉదయమే చనిపోయిన పిల్లను కోసి చూస్తే కాలేయం ఉబ్బి పాలిపోయి ఉంది, కాళ్ల చర్మం కింద రక్తపు మచ్చలు ఉన్నాయి. బతికి ఉన్న రెండింటిలో ఒకటి తూలుతూ నడుస్తోంది. పెద్ద బాతులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

బూజు విషం విషయంలో బాతు పిల్ల కన్నా సున్నితమైన ప్రాణి పెరట్లో మరొకటి ఉండదు. కోడి తట్టుకునే మోతాదుకు బాతు పిల్ల కూలిపోతుంది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయినప్పుడు, బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్కలో బూజు వదిలిన విషం బయటపడింది. ఆ పరిశోధనలోనే అఫ్లాటాక్సిన్ అన్న పేరు పుట్టింది. ఆ మేత తిన్న బాతు పిల్లలు కూడా అప్పుడు చనిపోయాయి. కనుక సూదుల సంచి పక్కన పెట్టి, మేత ఎక్కడ నిల్వ ఉంచుతున్నారో చూపించమని అడిగాను.

వెనుక వసారాలో, నేల మీదనే, గోడకు ఆనించి రెండు గోతాలు ఉన్నాయి: ఒకదానిలో నూకలు, మరొకదానిలో తవుడు. వరద నీరు ఇంట్లోకి రాలేదు గాని వసారా నేల చెమ్మ పట్టి వారం పాటు ఆరలేదు. తవుడు పైన పొడిగానే ఉంది. చేయి మోచేతి వరకు దింపితే వెచ్చగా తగిలింది. అడుగున గడ్డలు కట్టి, నీలం కలిసిన ఆకుపచ్చ రంగు బూజుతో, ముక్క వాసన వేస్తోంది. ఆ తవుడు హల్లరు మిల్లులో ఆడించినది కావడంతో అందులో ఊక పాలు కూడా హెచ్చుగానే ఉంది. అసలు తవుడు నిల్వకు తగిన సరుకు కాదు. బియ్యం నుంచి వేరైన క్షణం నుంచే దానిలోని నూనె చెడడం మొదలై కొద్ది రోజుల్లోనే కనరెక్కుతుంది. ఈ గోతానికి నెల దాటింది.

గడ్డలు కట్టిన తవుడును అత్తగారు ఎండలో ఆరబోసి, పిండి చేసి, బాతు పిల్లలకు పెట్టారని అప్పుడు తెలిసింది. డెబ్బై అయిదేళ్ల ఆ పెద్దావిడ చెప్పినదాంట్లో తర్కం లేకపోలేదు. ఎండ తగిలితే పురుగు చస్తుంది, చెమ్మ పోతుంది, మేత బాగుపడుతుందని ఆవిడ నమ్మకం. పురుగు విషయంలో, చెమ్మ విషయంలో అది నిజమే. బూజు ఒకసారి వదిలిన విషం మాత్రం ఎండకు గాని, ఉడకబెడితే గాని పోదు. మిగిలిన తవుడును గేదె కుడితిలో కలుపుదామనుకుంటున్నామని కూడా అన్నారు. ఆ విషం గేదె పాలలోకి దిగి, ఆ పాలు తాగే మనవల వరకు వెళుతుందని చెప్పిన తర్వాతే గోతం మొత్తం గొయ్యి తీసి పూడ్చడానికి ఒప్పుకున్నారు. విష పరీక్షకు నమూనా పంపలేదు; కాలేయం, బాతు పిల్లల చావు, గోతం అడుగు, ఈ మూడింటిని కలిపి చూసి నేను నిర్ధారించుకున్న కారణం ఇది అని చదువరులు గమనించాలి.

ఇక్కడితో కేసు ముగిసి ఉండేది. మంచి తవుడు తెచ్చుకోండని చెప్పి వచ్చేసేవాడిని. బయలుదేరుతుండగా ఆవిడ అన్న మాట నన్ను వెనక్కి తిప్పింది: "రోజూ మూడు కిలోలు పెడుతున్నానండి డాక్టరు గారూ, అయినా వాటి ఆకలి తీరదండి."

ఇరవై పెద్ద కోళ్లకు మూడు కిలోలు. ఫారంలో కదలకుండా కూర్చుని, బయట గింజ కూడా ఏరుకోని గుడ్ల కోడి రోజుకు తినేది నూట పది గ్రాముల దాణా. ఆ లెక్కన చూసినా ఇరవై కోళ్లకు రెండు కిలోల రెండు వందల గ్రాములు చాలు. ఇవి పొద్దస్తమానం చేల గట్ల మీద, పేడకుప్ప మీద ఏరుకు తింటున్న కోళ్లు. మరి మూడు కిలోలు ఖాళీ అవుతున్నాయంటే తింటున్నవి ఇవి కావు.

మేత పెట్టే చోటు కొబ్బరి చెట్టు మొదట్లో ఉంది. పాత సత్తు బేసిన్ ఒకటి, ఉదయం నింపితే మర్నాడు ఉదయం వరకు అక్కడే ఉంటుంది. మూడు రోజుల పాటు ఆ బేసిన్‌ను గంటల వారీగా తూచమని కోరి, కాటా ఇచ్చి వచ్చాను. ఆవిడ నోటు పుస్తకంలో రాసి ఉంచిన అంకెల సగటు ఇలా వచ్చింది. ఉదయం ఆరింటికి మూడు కిలోలు పెట్టగా, గూడు వదిలిన కోళ్లు ఎనిమిదింటి లోపు ఏడు వందల గ్రాములు తిని చేల వైపు వెళ్లిపోయాయి. ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకు, ఇంటి కోళ్లు ఆ దరిదాపుల్లో పెద్దగా లేని వేళ, కిలో వంద గ్రాములు తగ్గింది. నాలుగు నుంచి చీకటి పడేలోపు, తిరిగి వచ్చిన కోళ్లు నాలుగు వందల గ్రాములు తిన్నాయి. బేసిన్‌లో రాత్రికి మిగిలిన ఎనిమిది వందల గ్రాములలో తెల్లారేసరికి నూట యాభై గ్రాములు తడిసి ముద్దగా మిగిలాయి. అంటే ఇంటి కోళ్ల కడుపులోకి కచ్చితంగా వెళ్లినది కిలో వంద, పగటి పూట వాటికి దక్కినదేదైనా కలిపినా కిలో మూడు వందలకు మించదు.

పగటి దొంగలు కళ్లకు కనిపించేవే: కాకులు, గోరింకలు, ఉడతలు, వాటికి తోడు పక్కింటి కోళ్లు ఏడు. ఈ చివరి అంశాన్ని నేను పైకి అనలేదు. ఇరుగు పొరుగు మర్యాద కోడి మేత కన్నా ఖరీదైనది, ఆవిడ కూడా నోటు పుస్తకంలో దాన్ని రాయలేదు. రాత్రి తింటున్నది ఎవరో తెలియడానికి నాలుగో రోజు పొద్దుగూకిన తర్వాత బేసిన్ చుట్టూ రెండు మూరల వెడల్పున పలచగా ముగ్గు చల్లించాను. బియ్యప్పిండి కాదు, రాతి ముగ్గు. బియ్యప్పిండి అయితే దాన్ని కూడా తినిపోతాయి. తెల్లారి చూస్తే ముగ్గు నిండా పందికొక్కుల అడుగులు, తోక ఈడ్చిన గీతలు. ఒక పక్క ముంగిస అడుగులు. ఆ అడుగులు పట్టుకుని వెళితే గూడు పునాది కింద మూడు బొరియలు, వాటి మొగల్లో తాజాగా తోడిన మట్టి. కోళ్ల గూడు కిందనే పందికొక్కులకు నివాసం, పది అడుగుల దూరంలో భోజనం. మేత కోసం ఎలుక, ఎలుక కోసం పాము, గుడ్డు కోసం ముంగిస వస్తాయి. బోదె పక్క చెమ్మ నేలలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే ఎలుక జ్వరం మనుషులకూ ముప్పే; ఆ ఇంట్లో పిల్లలు అదే నేల మీద చెప్పులు లేకుండా ఆడుతున్నారు.

సాయంత్రం గూడు చేరిన కోళ్ల మెడ మొదట్లో మేత నిలిచే సంచిని వేళ్లతో తడిమి చూడటం నాకు అలవాటు. ఏ పరీక్షా చెప్పనంత స్పష్టంగా ఆ సంచి ఆ రోజు మేపు సంగతి చెబుతుంది. పుంజులకు, బలమైన నాలుగు పెట్టలకు అది నిండుగా ఉంది. ఐదారు పెట్టలకు సగమే ఉంది. పిల్లలకు ఒట్టి నీరు తగిలింది. బేసిన్ ఒక్కటే కావడంతో, గుండ్రంగా చుట్టూ చేరిన బలవంతులు మిగతావాటిని పొడిచి తరిమేస్తున్నాయి. మూడు కిలోలు పెట్టినా ఆకలి తీరకపోవడానికి ఇది రెండో కారణం.

మూడో కారణం మేతలోనే ఉంది. నూకల్లో మాంసకృత్తులు నూటికి ఎనిమిది పాళ్లు, మంచి తవుడులో పన్నెండు పాళ్లు. గుడ్లు పెట్టే కోడికి కావలసింది పదహారు పాళ్లు. సున్నం సంగతి మరీ అన్యాయం. ఒక్క గుడ్డు పెంకులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది, నూకల్లోను తవుడులోను కాల్షియం ఉన్నా లేనట్టే. వారానికి ఒకటి రెండు గుడ్లు పెట్టే నాటు పెట్ట నత్తలను, గుల్లలను ఏరుకుని ఈ లోటు పూడ్చుకోగలదు. వారానికి నాలుగైదు గుడ్లు పెట్టవలసిన గ్రామప్రియకు ఆ ఏరుడు చాలదు. అది తన ఎముకల్లోని సున్నాన్ని కరిగించి పెంకు కడుతుంది, అది కూడా అయిపోయినప్పుడు తోలు గుడ్డు పెడుతుంది. వేడి చేసి గుడ్డు మెత్తబడిందని ఆ ఇంట్లో అనుకుని మజ్జిగ పోస్తున్నారు.

చేసిన మార్పుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది, అన్నిటికన్నా కష్టపడి ఒప్పించినది, రోజంతా బయట ఉండే బేసిన్‌ను ఎత్తివేయడం. పెరట్లో తిరిగే కోడికి మేత రెండు పూటలే ఉండాలని, ఉదయం కొంచెం, అసలు మేత సాయంత్రం పొద్దుగూకడానికి గంట ముందు పెట్టాలని, పెట్టిన ఇరవై నిమిషాలకు మిగిలింది తీసేయాలని చెప్పాను. ఉదయం కడుపు నిండిన కోడి చేల వైపు వెళ్లదు, బేసిన్ చుట్టూ తిరుగుతూ కూర్చుంటుంది. పురుగు, నత్త, గడ్డి గింజ రూపంలో ఉచితంగా దొరికే మాంసకృత్తులు అలా పోతాయి. సాయంత్రపు మేతకు ఇంకో రెండు లాభాలున్నాయి: కోళ్లన్నీ వేళకు గూడు చేరతాయి, లెక్క తేలుతుంది, పెంకు కట్టే పని కోడి ఒంట్లో ఎక్కువగా రాత్రి పూట జరుగుతుంది కనుక ఆ వేళకు సున్నం కడుపులో ఉంటుంది.

ఆ ఇంట్లో ఉన్న ఇత్తడి సోలను తూచి చూస్తే, కలిపిన మేత మూడు వందల యాభై గ్రాములు పట్టింది. నాటు కోడికి యాభై, గ్రామప్రియకు ఎనభై గ్రాముల చొప్పున లెక్క వేస్తే రోజుకు కిలో రెండు వందలకు దగ్గరగా వచ్చింది. ఉదయం ఒక సోల, సాయంత్రం రెండున్నర సోలలు అని స్థిరపరిచాం. గ్రాముల లెక్క చెప్పి ఉంటే రెండు రోజులకు మరిచిపోయేవారు. సోల లెక్క ఇప్పటికీ నడుస్తోంది.

మేత కూర్పులో నూకలు సగం, వారానికి ఒకసారి మాత్రమే తెచ్చే తాజా తవుడు పావు వంతు, మిగతా పావులో ఎక్కువ భాగం నువ్వుల చెక్క, తక్కిన కొంత ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చిన్న చేపల పొడి. ఉప్పు మాట గట్టిగా చెప్పాలి. సంతలో దొరికే ఉప్పు చేపను దంచి కలిపితే కోళ్లకు అదే విషమవుతుంది. వేరుశనగ చెక్క వానాకాలంలో వద్దన్నాను. కొబ్బరి ఇంటి పంట కదా, కొబ్బరి చెక్క కలుపుకుందామని వారు అడగడం సహజమే గాని, పీచు ఎక్కువగా ఉండి త్వరగా బూజు పట్టే ఆ చెక్కను ఈ చెమ్మ రోజుల్లో, బూజు దెబ్బ తిన్న ఇంట్లో, నేను ఒప్పుకోలేదు. సున్నం కోసం నత్త గుల్లలను, ఆల్చిప్పలను మెంతి గింజ పరిమాణంలో దంచి, వేరే మూకుడులో ఎప్పుడూ అందుబాటులో ఉంచమన్నాను. మెత్తటి పొడి కన్నా పలుకుగా ఉన్న గుల్ల కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంది. పుంజులకు, పిల్లలకు అంత సున్నం పనికిరాదు కనుక దాన్ని మేతలో కలపకూడదు. కావలసిన పెట్ట తానే వెళ్లి తింటుంది.

మేత పెట్టే చోటును గూడు ముందుకు మార్చి, నేలను రెండు వరుసల ఇటుక ఎత్తున మెరక చేసి ఇసుక పోశాం, పైన తాటాకు పందిరి వేశాం. నిలువునా చీల్చిన వెదురు బొంగులు రెండు, ఒక్కొక్కటి మీటరు పొడవున్నవి, ఆరడుగుల ఎడంగా పెట్టాం. పెద్ద కోడికి నాలుగంగుళాల చోటు ఉంటే పోట్లాట లేకుండా తింటుంది. రెండు బొంగులకు రెండు వైపులా లెక్కిస్తే ఇరవై కోళ్లకు రెట్టింపు చోటు దొరికింది, ఒక బొంగు దగ్గర తరిమితే రెండో దానికి పోవచ్చు. పిల్లల కోసం కోళ్ల గంపను బోర్లించి, కింద ఇటుక ముక్కలు పెట్టి నాలుగంగుళాలు ఎత్తాం. పిల్లలు దూరి తింటాయి, తల్లి మెడ మాత్రమే పడుతుంది. ఈ చిన్న ఉపాయానికి పైసా ఖర్చు కాలేదు. పెద్దావిడకు నా మీద నమ్మకం కుదిరింది కూడా దీనితోనే.

నిల్వకు మూత ఉన్న రేకు డబ్బాలను చెక్క పలక మీద పెట్టించాను. పూర్వం ఇక్కడ ధాన్యానికి పురి (గడ్డి తాడుతో చుట్టిన గాదె) కట్టినా నేల మీద కట్టేవారు కాదు, అడుగున ఎత్తు చేసేవారు. ఆ జాగ్రత్త వడ్లకే మిగిలింది, కోళ్ల తవుడుకు ఎవరూ పాటించడం లేదు.

పందికొక్కులకు విషపు ఎర పెట్టవద్దన్నాను. కోళ్లు ఆ ఎరనూ తింటాయి, చచ్చిన ఎలుకనూ పొడుస్తాయి. పొలాల్లో ఎలుకలు పట్టే వ్యక్తిని పిలిపించి బుట్టలు పెట్టిస్తే పది రోజుల్లో పదకొండు పడ్డాయి. తర్వాత బొరియలను గాజు పెంకులు కలిపిన కాంక్రీటుతో మూసేశారు. రాత్రికి గింజ కూడా బయట లేకపోవడంతో కొత్తవి వచ్చి స్థిరపడలేదు. వరి చేలో గుళికల మందు చల్లిన రోజు నుంచి వారం పాటు కోళ్లను గూటి ఆవరణ దాటనివ్వకూడదన్నది మరో నియమం. అందుకోసం పక్క చేను రైతు మందు వేసే ముందు రోజు కబురు చేసేలా మాట తీసుకున్నారు. కోళ్లకు నట్టల మందు తాగించి, కొక్కెర తెగులు టీకా గడువు దాటి ఉండడంతో అది కూడా వారం ఆగి వేశాను.

మొదటి వారం ఘోరంగా గడిచింది. బేసిన్ లేదని కోళ్లు పక్కింటి పెరట్లోకి వెళ్లాయి, రోజుకు రెండు గుడ్లు ఉన్నది ఒక్కటికి పడిపోయింది. "ఉన్నదీ పోయిందండీ" అని ఆవిడ ఫోనులో బాధపడ్డారు. అకస్మాత్తుగా మేత వేళ మార్చినప్పుడు కోడి గుడ్డు తగ్గిస్తుందని నాకు తెలుసు; ముందే చెప్పకపోవడం నా తప్పు. ఇప్పుడైతే వారం పాటు బేసిన్ ఉంచుతూనే దానిలోని మేతను రోజురోజుకు తగ్గించమని చెబుతాను.

ఇంకో చిక్కు అత్తగారి చేయి. వాకిట్లో నిలబడి గింజలు చల్లుతూ కోళ్లను పిలవడం ఆవిడకు యాభై ఏళ్ల అలవాటు. మానమంటే మానేది కాదు, మానవలసిన అవసరమూ లేదు. చల్లిన గింజను కాళ్లతో గీరి ఏరుకోవడం కోడికి వ్యాయామం, పొడుచుకునే కోళ్ల దృష్టి మళ్లించే మార్గం కూడా. అందుకని సాయంత్రం మేత అయ్యాక, ఊడ్చిన పొడి నేల మీద, రెండు గుప్పిళ్ల వడ్లు మాత్రం ఆవిడ చల్లేలా, చోటు మూడు రోజులకొకసారి మార్చేలా అనుకున్నాం. ఒకే చోట చల్లితే రెట్ట, చెమ్మ, గింజ కలిసి పిల్లలకు రక్త విరేచనాలు తెచ్చే క్రిములకు అది పుట్టిల్లవుతుంది. బాతుల కోసం తవ్విన అజొల్లా (నీటి మీద తేలుతూ పెరిగే మేత మొక్క) మడి మాత్రం వానకు పొంగి, బాతుల పాలై, రెండు వారాలకే ముగిసింది. దాని గురించి చెప్పడానికి ఇంతకు మించి లేదు.

సెప్టెంబరు మూడో వారానికి తోలు గుడ్లు ఆగిపోయాయి. అక్టోబరు చివరికి రోజుకు ఆరు ఏడు గుడ్లు వస్తున్నాయి. వాటిలో మూడు నాలుగు గ్రామప్రియలవి. పిల్లల్లో ఆరు నిలిచాయి, తూలుతూ నడిచిన బాతు పిల్ల బతకలేదు. ఈ ఫలితమంతా మేత మార్పుదేనని నేను అనను. నట్టల మందు, టీకా, వానలు తగ్గి నేల ఆరడం, ఈకలు రాల్చే కాలం ముగియడం అన్నీ కలిసి వచ్చాయి. మేత ఖర్చు విషయంలో మాత్రం సందేహం లేదు. నెలకు తొంభై కిలోలు పోతున్న చోట ముప్పై ఆరు కిలోలు సరిపోయాయి. చెక్క, చేప పొడి నూకల కన్నా ప్రియమైనవే అయినా మొత్తం మీద ఖర్చు తగ్గింది.

నవంబరులో సార్వా కోతలు వచ్చినప్పుడు సాయంత్రపు కొలతను ఒకటిన్నర సోలకు తగ్గించాం. వెనుకటి రోజుల్లో కుప్పలు వేసి, కళ్లంలో నూర్చి, సంక్రాంతి వరకు వడ్లు ఆడుతుంటే కోళ్లకు రెండు నెలల పాటు బయటే పండగ. ఇప్పుడు కోత యంత్రం ఒక్క పూటలో చేను ముగించి వెళ్లిపోతుంది. రాలిన గింజ చేలోనే ఉంటుంది, అది కూడా దుక్కి పడే వరకే. పెద్దల నాటి లెక్కతో కార్తీకంలో మేత పూర్తిగా మానేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఈ ఇంట్లో మూడు వారాలకే కోళ్ల మెడ సంచులు పలచబడడంతో కొలతను తిరిగి పాత మోతాదుకు తెచ్చాం.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోను, పెరవలి మండలం కానూరులోను కోళ్లకు బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఆ గ్రామాలకు ఈ లంక దూరమే అయినా, అడవి పక్షులు, కాకులు, నీటి పక్షులు చేరే చోట మేత, నీరు ఉంచడమే వ్యాధికి దారి కనుక కోళ్లను పూర్తిగా లోపల ఉంచమని సలహా ఇచ్చాను. పందిరి ముందే ఉంది. దాని చుట్టూ రొయ్యల చెరువు మీద కప్పే పాత వల కట్టి, గూడుతో కలిపి మూసేశారు. అప్పటికి సంక్రాంతికి వచ్చిన అల్లుడి పుణ్యమా అని ఒక పుంజు, మూడు ఎదిగిన పిల్ల పుంజులు తగ్గి, మొత్తం ఇరవై రెండు కోళ్లు మిగిలాయి. బయట ఏరుకునే తిండి పూర్తిగా ఆగిపోయింది కనుక ఎంత తింటాయో అంతా పెట్టి, మళ్లీ మూడు వారాలు తూచమన్నాను. ఒక్క కాకి, ఒక్క పందికొక్కు వాటా లేకుండా, కడుపు నిండా తిన్న ఆ ఇరవై రెండు కోళ్లకు రోజుకు పట్టిన మేత సగటున రెండు కిలోల రెండు వందల గ్రాములు. ఆవిడ ఆ అంకెను నోటు పుస్తకంలో ఆగస్టు నాటి మూడు కిలోల పక్కనే రాసుకున్నారు.